భట్టికి మొదటి కాయ

మధ్యాహ్నం సైరన్ మోగగానే భూపాల్ టిఫిన్ డబ్బా మూత తీసేవాడు. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య అంత దూరమున్నా ఆ మూత చప్పుడు లింగమూర్తి చెవిన పడేది. చెవుడైనా వస్తే బాగుండునని రోజూ అనుకునేవాడు.

డబ్బాలో పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు. పైన వెల్లుల్లి, నిలువుగా చీల్చి వేయించిన ఎండుమిరపకాయ. ఆ పోపు లింగమూర్తి భార్య సారలమ్మ వేసే పోపు. సారలమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆమె చెల్లెలు జమున. జమున మొగుడు భూపాల్. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒక్క తల్లి దగ్గర, ఒక్క పొయ్యి ముందు వంట నేర్చుకున్నారు. ఒక చెయ్యి మట్టిలో కలిసిపోయింది. రెండో చెయ్యి రోజూ భూపాల్ డబ్బా నింపుతోంది.

"అన్నా, రా. జమున నీకు సుత పెట్టింది" అని భూపాల్ కేకేసేవాడు. వాడి గొంతు పెద్దది. వాడి నవ్వు అంతకన్నా పెద్దది.

"నాకు ఆకలి లేదు."

"ఆకలి లేదా, అలిగినవా?"

లేత్ షెడ్డు మొత్తం నవ్వేది. భట్టి షెడ్డులో లింగమూర్తి చేతికింద పనిచేసే వీరేందర్ కూడా నవ్వేవాడు. "పోరాదె కాకా. పొరుగింటి పుల్లకూర రుచి అంటరు. ఇది పొరుగిల్లు సుత గాదు. షడ్డకుని ఇల్లు."

లింగమూర్తి వెళ్ళేవాడు. వెళ్ళకపోతే ఇంకా నవ్వుతారు. రెండు ముద్దలు తినేవాడు. పప్పు బాగుండేది. అదే అతనికి మండేది. ఉప్పెక్కువైన రోజున కడుపు కొంచెం చల్లబడేది. అలాంటి రోజులు తక్కువ.

గోదావరిఖని దాటాక రోడ్డు పక్కన ఉంటుంది ఆ రోలర్ల ఫ్యాక్టరీ. బొగ్గు బాయిల్లో బెల్టు కింద తిరిగే రోలర్లు అక్కడ తయారవుతాయి. లేత్ షెడ్డుకు భూపాల్ ఫోర్‌మన్. అక్కడ చెక్కిన ఇరుసులు భట్టి షెడ్డుకు వస్తాయి. కరెంటు భట్టిలో ఎర్రగా కాల్చి నూనె తొట్టిలో ముంచితే ఇరుసుకు గట్టిదనం వస్తుంది. ఆ భట్టికి ఫోర్‌మన్ లింగమూర్తి. ఫ్యాక్టరీలో అన్నింటికంటే ముందు దిగిన మిషన్ అది. దాన్ని దించిన రోజున తాడు పట్టినవాళ్ళలో ఇంకా ఉద్యోగంలో మిగిలింది లింగమూర్తి ఒక్కడే.

ఆ ఏడాది వానాకాలంలో మైత్రి అనే ఇంజనీరు వచ్చింది. కరెంటు లెక్కలు చూడటమే ఆమె పని. తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. అమ్మాయి పుట్టింది, చదివింది ఇక్కడే. ప్రతి షెడ్డుకూ విడిగా మీటరు పెట్టించింది. గేటు దగ్గర గోడకు పెద్ద తెర బిగించింది. ఏ షెడ్డు ఎంత కరెంటు లాగుతోందో అందులో కనిపిస్తుంది. మామూలుగా ఉంటే పచ్చ. ఎక్కువైతే పసుపు. గీత దాటితే ఎరుపు.

"కరెంటు పుట్టే ఊళ్ళె కరెంటుకు కరువొచ్చిందా?" అని లింగమూర్తి మొదటి రోజే అన్నాడు. అతను పెరిగింది బాయి క్వార్టర్లలో. అక్కడ కరెంటు హీటర్ పొద్దున వేస్తే పడుకునే ముందే ఆపేవారు. అన్నం దించి పప్పు పెట్టేవరకు మధ్యలో అది ఊరికే ఎర్రగా కాలుతూ ఉండేది. కంపెనీ ఇచ్చే కరెంటుకు బిల్లు లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. కరెంటు ఆపడమంటే అతని దృష్టిలో పేదరికం.

ఆ నెల చివర మేనేజరు అచ్యుతరావు ఫోర్‌మన్లందరినీ, వాళ్ళ చేతికింది వాళ్ళనూ కూర్చోబెట్టాడు.

"కరెంటు బిల్లు మనల్ని తినేస్తోంది" అన్నాడు. "అందులో సగం పాపం భట్టిది. హైదరాబాద్ పంపించి కాల్పించుకుంటే ఇంతకన్నా చౌక అని పైవాళ్ళు అంటున్నారు. దసరా నెల వరకు టైమ్ అడిగాను. ఆ నెలలో ఒక్కసారి గీత దాటినా భట్టి ఆపేస్తాం. లింగమూర్తీ, నీకు భయం లేదు. నిన్ను ప్యాకింగ్‌లో సర్దుతాను."

ప్యాకింగ్ అంటే చెక్క పెట్టెలకు మేకులు కొట్టడం.

"గీత అంటే ఏంది మేడం?" అని వీరేందర్ వెనక నుంచి అడిగాడు.

మైత్రి ఓపికగా చెప్పింది. "మీటరు నెలంతా ఎంత వాడారన్నదే కాదు, అరగంటకోసారి ఎంత బలంగా లాగారన్నది కూడా రాసుకుంటుంది. ఆ అరగంటల్లో ఏది అన్నిటికంటే పెద్దదో, దాని మీద నెల మొత్తానికి ఛార్జీ వేస్తారు. మన లేత్‌లు, కంప్రెసర్, భట్టి అన్నీ ఒకేసారి లాగిన అరగంట ఒక్కటి ఉంటే చాలు, నెలంతా ఎంత పొదుపు చేసినా లాభం లేదు."

ఎవరికీ సరిగా ఎక్కలేదు. భూపాల్ లేచాడు.

"అరె, కిరాయి గుండిగ లెక్కనే గదనే. పెండ్లినాడు చుట్టాలొస్తరని పెద్ద గుండిగ కిరాయికి తెచ్చినం. ఆ కిరాయి నెలకు. పెండ్లి ఒక్కపూటనే. తెల్లారి ఇంట్ల ఇద్దరమే. పిడికెడు బియ్యం వండుకున్నా పెద్ద గుండిగ కిరాయి కట్టుడు తప్పది. చుట్టాలను ఒక్క బంతిల కూసోపెట్టకుంట నాలుగు బంతులు చేస్తే చిన్న గుండిగనే సాలు."

అచ్యుతరావు టేబుల్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. మైత్రి కూడా నవ్వింది. "అంతే. నాకు ఈ మాట తట్టలేదు చూడండి."

"అయితే ఈ పని భూపాలే చూస్తాడు" అన్నాడు అచ్యుతరావు. "ఏ షెడ్డు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు ఆపాలో భూపాల్ మాటే మాట."

లింగమూర్తి గుండిగ మాట వినలేదు. భూపాల్ నోటివైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ నోరు ఇంత బాగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకుందని. భట్టి తనది. దాన్ని ఎప్పుడు వెయ్యాలో ఇక భూపాల్ చెబుతాడు.

భూపాల్ చెప్పాడు కూడా. లేత్‌లు నిద్రలేవకముందే భట్టి వేడెక్కాలి. చల్లటి భట్టి వేడెక్కేటప్పుడే ఎక్కువ లాగుతుంది. ఒకసారి ఎర్రబడ్డాక దానికి పెద్దగా అక్కర్లేదు. అప్పుడు లేత్‌లు ఒక వరుస తర్వాత ఒక వరుస వెయ్యాలి. సబ్బు నురగ పట్టుకుని గాలి పైపుల వెంట తిరిగాడు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు. అన్నీ కట్టించాడు. కంప్రెసర్ సగం సేపు ఊరుకోవడం మొదలుపెట్టింది. తెర మీద పచ్చ నిలిచిపోయింది.

లింగమూర్తి తెల్లారకముందే డ్యూటీకి రావలసి వచ్చింది. వచ్చాడు. మాట పడటం ఇష్టంలేక ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

"భూపాలన్న భట్టిని బతికిచ్చిండు" అని క్యాంటీన్‌లో అందరూ అనుకున్నారు. లింగమూర్తి ఎదుటే అన్నారు. అతను సంతోషించాలి కదా అన్నట్టు అతని మొహం చూశారు. సారలమ్మను దవాఖానల చుట్టూ తిప్పి బతికించుకోలేకపోయాడు. ఇప్పుడు భట్టిని కూడా ఇంకొకడే బతికిస్తున్నాడు. ఆ ఇంకొకడు భూపాల్. దీనికన్నా ప్యాకింగ్ నయమనిపించింది.

పెత్రమాసనాడు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్యనాడు, అందరూ రామకృష్ణాపూర్‌లో అత్త పోశవ్వ ఇంట్లో కలిశారు. సారలమ్మ పేరు మీద విస్తరి పెట్టారు. తర్వాత బంతి. పోశవ్వ గిన్నె పట్టుకుని ముందు భూపాల్ దగ్గరికే వెళ్ళింది.

"అల్లుడా, ఇంకో ముక్క ఏసుకో. డ్యూటీల శాన తిరుగుతున్నవంట."

"వద్దత్తా. కడుపు పగుల్తది."

"పగిలితే కుట్టిస్తగని తిను." తర్వాత ఇటు తిరిగింది. "లింగమూర్తీ, నీకేం కావాలె?"

వెనకటి రోజుల్లో అతనే పెద్దల్లుడు. మొదటి ముక్క అతని విస్తట్లో పడేది. ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తోంది. ముసలామెకు ఆ తేడా తెలియదు. కూతురు పోయిన ఇంటితో మాట ఎలా కలపాలో తెలియక అలా అంటోంది. లింగమూర్తి అదంతా ఆలోచించే మనిషి కాదు. ముక్కలు లెక్కపెట్టే మనిషి.

అతని కూతురు హర్షిణి కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆ రోజు జమున పక్కనే కూర్చుని తిన్నది. పండుగ సెలవులకు సంచి కూడా చిన్నమ్మ ఇంట్లోనే దించింది.

"మన ఇంటికి రావా బిడ్డా?" అన్నాడు.

"వస్త బాపూ. బతుకమ్మ పేర్వాలె గద. నీకు పేర్వొస్తదా?" అని నవ్వింది.

నిజమే. అతనికి రాదు.

దసరా ముందు రోజు ఫ్యాక్టరీలో మిషన్లకు పూజ. ఆ రోజు పని ఉండదు. అందరూ పెండ్లాం పిల్లలతో వస్తారు. ప్రతి షెడ్డులో రెండు పీటలు వేస్తారు. ఫోర్‌మన్, అతని భార్య పక్కపక్కన కూర్చుని మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి హారతి ఇస్తారు. కాయ కొడతారు. నిద్రపోతున్న మిషన్‌కు పూజ చెయ్యరు. పూజ వేళకు మిషన్ నడుస్తూ ఉండాలి. ప్రసాదం పంచేవరకు నడుస్తూనే ఉండాలి. మొదటి కాయ భట్టికి. అన్నింటికంటే పెద్దది కాబట్టి.

చనిపోయే ఏడాది కూడా సారలమ్మ వచ్చింది. అప్పటికే మనిషి సగమైపోయింది. పీట మీద కూర్చోలేక భట్టి గోడకు ఆనుకుంది. స్విచ్‌బోర్డుకు కుంకుమ పెడుతూ "నా కన్న దీన్నే ఎక్కువ చూస్తడు ఈయన" అని అందరితో చెప్పి నవ్వింది. మరుసటి ఏడు మైల. లింగమూర్తి వెళ్ళలేదు. భట్టి దగ్గర అచ్యుతరావు దంపతులు కూర్చున్నారని విన్నాడు.

ఈ ఏడు వెళ్ళాలనుకున్నాడు. కొత్త తువ్వాల కొన్నాడు.

పూజ ముందు రోజు సాయంత్రం భూపాల్ అందరినీ లేత్ షెడ్డులో నిలబెట్టి చెప్పాడు.

"రేపు జర ఫికర్ పెట్టుకోవాలె. ఇన్నొద్దులు కాపాడుకున్నం. రేపు ముహూర్తం అని అందరం ఒక్కసారి బటన్లు ఒత్తినమనుకో, గీత దాటుతది. ముందు లేత్‌లు ఏద్దం. పూజ అయినంక బంద్ చేద్దం. తర్వాత భట్టి."

"భట్టికి మొదటి కాయ" అన్నాడు లింగమూర్తి.

"ఎరుకే అన్నా. ఈ ఒక్క ఏడు ఆఖరుకు పెట్టుకుందం. అది సల్లగున్నది. ఎక్కేటప్పుడు గుంజుడు గుంజుతది. ముందుగాల దాన్నే ఏస్తే వచ్చినోళ్ళంత ఎదురు చూసుకుంట కూసోవాలె. పిల్లలుంటరు."

"ఫ్యాక్టరీ పుట్టినకాంచి ఆనవాయితీ."

"ఫ్యాక్టరీ ఉంటే గద ఆనవాయితీ" అన్నాడు వెనక నుంచి ఎవడో. నవ్వులు.

భూపాల్ వచ్చి లింగమూర్తి భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించాడు. తగ్గించినా అది పదిమందికి వినిపించే గొంతే.

"ఇంకొకటి అన్నా. భట్టి కాడ పీట మీద నేను, జమున కూసుంటం. నీకు తిప్పలెందుకు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. జంట లేనివాడు పీట మీద కూర్చోడని అందరికీ తెలుసు. లింగమూర్తికీ తెలుసు. తెలిసిన మాటను భూపాల్ నోట వినడం వేరు. వాడు మంచికే అన్నాడు. వాడి మంచితనం ఎప్పుడూ అంతే. చెప్పుతో కొట్టినట్టే తగులుతుంది.

"సరే" అన్నాడు లింగమూర్తి.

మరునాడు ఎండ బాగా కాసింది. గేటు నుంచి లేత్ షెడ్డు దాకా మామిడాకులు కట్టారు. డప్పులు వచ్చాయి. పిల్లలు తెర కింద నిలబడి ఫోటోలు దిగారు. భూపాల్ తెల్ల చొక్కా వేసుకున్నాడు. జమున ఆకుపచ్చ చీర కట్టుకుంది. హర్షిణి పళ్ళెం పట్టుకుని చిన్నమ్మ వెంట నడిచింది. వచ్చేటప్పుడు "బాపూ, మంచిగ తయారైనవే" అని తండ్రితో అన్నది. అని ముందుకు వెళ్ళిపోయింది.

ముహూర్తానికి లేత్‌లన్నీ ఒక వరుస తర్వాత ఒక వరుస లేచాయి. కంప్రెసర్ లేచింది. డప్పులు అందుకున్నాయి. భట్టి షెడ్డులో ఎవరూ లేరు. వీరేందర్ కూడా అటే పోయాడు. లింగమూర్తి పొద్దున్నే వచ్చి భట్టి తలుపు తుడిచాడు. తన బొటనవేలితోనే పసుపు రాశాడు. ఇప్పుడు షెడ్డు గుమ్మంలో నిలబడి ఎదురుగా లేత్ షెడ్డులోకి చూస్తున్నాడు.

పీటల మీద వాళ్ళిద్దరూ. భూపాల్ వంగి లేత్‌కు కుంకుమ పెడుతున్నాడు. వాడి నుదుటి మీద చెమట పట్టి బొట్టు కారింది. కంట్లో పడబోయింది. జమున కొంగు అందుకుని వాడి గదువ పట్టుకుని ఇటు తిప్పి, నుదురు తుడిచింది. అందరి ముందు. అలవాటుగా. అన్నం కలిపినంత మామూలుగా. వాడు కళ్ళు మూసుకుని మొహం ఇచ్చాడు.

లింగమూర్తి వెనక్కి తిరిగాడు. లోపలికి నడిచాడు. మెయిన్ స్విచ్ పైకి ఎత్తాడు. పచ్చ బటన్ నొక్కాడు.

భట్టి గుయ్‌మని లేచింది. నేల సన్నగా అదిరింది.

ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు. గుండిగ మాట ఆ రోజు విననట్టు కూర్చున్నా, ఇన్నాళ్ళలో వంద నోళ్ళ నుంచి విన్నాడు. లేత్‌లు, కంప్రెసర్, చల్లటి భట్టి ఒక్క బంతిలో కూర్చున్నాయి. తెర ఎర్రబడుతుంది. పండుగనాడు, అందరి పెండ్లాల ముందు, పిల్లల ముందు, ఆ ఆకుపచ్చ చీర ముందు. కరెంటుకు ఇన్‌చార్జి ఎవరంటే భూపాల్. ఎరుపు వాడిది. భట్టి పోతుందని, తను పెట్టెలకు మేకులు కొట్టాలని కూడా తెలుసు. పోనీ. తనకు ఒక కన్ను పోతే పోయింది. వాడికి రెండూ పోవాలి.

డప్పుల్లో మొదట ఎవరికీ వినపడలేదు. తర్వాత గేటు దగ్గర పిల్లలు అరిచారు. "పసుపొచ్చింది! పసుపొచ్చింది!" వాళ్ళకు అదీ ఆటే. మైత్రి ఫోన్ చూసుకుంటూ లేత్ షెడ్డులోకి పరుగెత్తింది. లింగమూర్తి జేబులో ఫోన్ మోగింది. భూపాల్. ఎత్తలేదు. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ భూపాల్. ఫోన్ మోగుతుంటే భట్టి లోపల కడ్డీలు నల్లదనం వదిలి మెల్లగా ఎరుపు తిరగడం చూస్తూ నిలబడ్డాడు. వాడు పరుగెత్తుకుని వస్తాడు. వచ్చి స్విచ్ దించుతాడు. దించనీ. భట్టి పూజ ఆపినవాడని జన్మంతా చెప్పుకోవచ్చు.

భూపాల్ రాలేదు. వాడి గొంతు వచ్చింది.

"బంద్ చెయ్యుండ్రి! లేత్‌లు బంద్! కంప్రెసర్ బంద్! అన్ని బంద్!"

ఒక వరుస ఆగింది. రెండో వరుస ఆగింది. కంప్రెసర్ నిట్టూర్చి ఊరుకుంది. డప్పులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆపేశారు. ఫ్యాక్టరీ మొత్తంలో ఒక్క భట్టి చప్పుడే మిగిలింది. ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళ గొంతులు స్పష్టంగా వినిపించాయి.

"హారతి నడిమిట్ల ఆగిందేందే?"

"మిషన్ సచ్చిపోయింది. శకునం మంచిగ లేదు."

లింగమూర్తి గుమ్మంలోకి వచ్చి చూశాడు. జమున పీట మీదే ఉంది. చేతిలో హారతి పళ్ళెం. ఎదుట ఆగిపోయిన లేత్. కర్పూరం పళ్ళెంలోనే కాలిపోయి ఆరింది. ఆమె దాన్ని చూడటం లేదు. ఇటే చూస్తోంది.

అప్పుడు జనం కదిలారు. ముందు భూపాల్, చొక్కా చెమటకు అతుక్కుపోయి, రొప్పుతూ. వెనక డప్పులు, మైత్రి, అచ్యుతరావు, అందరూ భట్టి షెడ్డువైపు.

"ఫోన్ ఎత్తవేందే అన్నా?" అన్నాడు భూపాల్. మొదట గొంతులో కోపముంది. భట్టి మీద పసుపు, దాని మీద బొటనవేలి గుర్తులు చూశాక ఆ కోపం పోయింది. "భట్టికి మొదటి కాయ అన్నవు గద. కొట్టు మరి. జల్ది కొట్టు."

"భట్టి ఎవరు వేశారు?" అని అచ్యుతరావు అడిగాడు.

"ఆనవాయితీ సార్. పెద్దది అది. నేనే తప్పు చెప్పిన నిన్న. ఆఖరుకు పెట్టుమన్న."

"గీత?"

మైత్రి ఫోన్ మీద నుంచి తల ఎత్తింది. "లేత్‌లు వెంటనే ఆపారు కాబట్టి సరిపోతుంది సార్. భట్టి ఒక్కటే నడిస్తే దాటదు. లేత్‌లు మాత్రం మళ్ళీ వెయ్యకండి. భట్టి అయినా ఎర్రబడేదాకా ఎందుకు, కాయ కొట్టి ఆపేయండి."

"భట్టిని ఆపుదమా అని అడిగిన కాకా" అని వీరేందర్ లింగమూర్తి చెవిలో చెప్పాడు. వాడి మొహం వెలిగిపోతోంది. "భూపాలన్న వద్దన్నడు. పూజకు ఏసిన భట్టిని నడిమిట్ల ఆపితే అన్న మనసు ఖరాబైతది, మనవే ఆపుకుందం అన్నడు. తన పూజ ఇడిసిపెట్టి ఉరికిండు. దొడ్డ మనిషే."

భూపాల్ కొబ్బరికాయ తెచ్చి లింగమూర్తి చేతిలో పెట్టాడు. "పీట లేకుంటేంది. నిలవడి కొట్టు."

లింగమూర్తి కొట్టాడు. ఒక్క దెబ్బకే పగిలింది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. డప్పులు మోగాయి. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో అతనికి తెలుసు. అందరూ భూపాల్ వీపు తడుతున్నారు. కాయ తనది. పేరు వాడిది. నాశనం చెయ్యబోయిన చేత్తోనే వాడికి ఇంకో మెట్టు కట్టి ఇచ్చాడు. దసరా నెల గీత దాటకుండా గడిచిపోతుంది. భట్టి ఉంటుంది. రోజూ వాడు చెప్పిన వేళకు వెయ్యాలి. వాడు నిలబెట్టిన భట్టి ముందు రిటైరయ్యేవరకు నిలబడాలి.

పులిహోర పెడుతున్నారని ఎవరో కేకేశారు. షెడ్డు ఖాళీ అయింది. లింగమూర్తి కొబ్బరి చిప్పలు ఏరడానికి వంగాడు. తల ఎత్తేసరికి గుమ్మంలో జమున.

"బావా."

"ఊఁ."

"మరిచి ఏసినవా, కావాలని ఏసినవా?"

"మొదటి కాయ భట్టికి. ఆనవాయితీ."

"నా దిక్కు చూసి చెప్పు."

అతను చిప్పలవైపే చూశాడు.

"ఆయన పిచ్చోడు" అన్నది జమున. గొంతు పెంచలేదు. "అక్క యాదికొచ్చి ఏసిండు పాపం అంటుండు. నేను నిన్ను చూసిన బావా. ఆయన నుదురు తుడుస్తుంటే నువ్వు ఈ గడప మీద నిలవడ్డవు. గా చూపు నాకు ఎరుకే. పెత్రమాసనాడు ఆయన విస్తట్ల ముక్కలు లెక్కవెట్టినప్పుడు సుత గదే చూపు. భట్టి ఉంచాలని నెలదినాల నుంచి ఆయనకు కంటికి నిద్ర లేదు. ఎవరి భట్టి అది? ఆయనదా?"

"జమునా…"

"పిలువకు. ఆయన మాఫ్ చేసిండు. అసలు మాఫ్ చేసుడు ఉన్నదనే ఆయనకు తెల్వది. నేను చెయ్య. సచ్చేదాక చెయ్య. నా మొగని పూజ నడిమిట్ల ఆపిచ్చినవు. రేపు పండుగకు హర్షిణి మా ఇంట్ల తింటది. నువ్వు రాకు. ఆయన పిలుస్తడు. ఏదో ఒకటి చెప్పి తప్పిచ్చుకో. వచ్చినవంటే నలుగుట్ల చెప్త."

ఆమె రొప్పుతోంది. చేతులు వణుకుతున్నాయి. కొంగు భుజం మీద నుంచి జారినా చూసుకోలేదు. ఒక్క క్షణం, కొట్టడానికే వస్తోందనుకున్నాడు. ఆమె వెనుదిరిగింది. చెప్పులు లేని కాళ్ళతో ఎండలో గబగబా నడిచి వెళ్ళిపోయింది.

ఆ మాటలు అతనికి గుచ్చుకోలేదు. అవన్నీ నిజాలే. నిజాలు అతన్ని ఎప్పుడూ పెద్దగా బాధించలేదు. కానీ ఆ వణుకు ఉంది చూశారా, అది గుచ్చుకుంది. వెనకటికి ఒక సూపర్‌వైజరు లింగమూర్తిని అందరిముందు తిడితే, సారలమ్మ మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడింది. నడుముకు కొంగు చుట్టి, ఆ సూపర్‌వైజరు ఏడు తరాలను పేరుపేరునా పిలిచింది. లింగమూర్తి సిగ్గుతో చచ్చాడు. ఇంటికి పోయి ఆమెను కోప్పడ్డాడు కూడా. ఆమె చేతులు అప్పుడు అచ్చం ఇలాగే వణికాయి.

ఇప్పుడు తనని ఎవడేమన్నా, ఏం చేసినా, చేతులు వణికే మనిషి ఈ భూమ్మీద లేదు. భూపాల్‌కు ఉంది. కరెంటు మీద పెత్తనం, పేరు, అత్త వేసిన ముక్క, అన్నీ పక్కన పెట్టు. వాడికి అది ఉంది. దాన్ని ఏ స్విచ్ ఎత్తీ వాడి నుంచి లాక్కోలేడు.

అవతల నుంచి భూపాల్ కేక వినిపించింది. "అన్నా, ఇగ భట్టి బంద్ చెయ్యి! రా, పులిహోర అయిపోతుంది!"

వెంటనే జమున గొంతు లేచింది. "నీకెందుకు? పొద్దున్నుంచి కడుపుల ఏం లేదు. నోరు మూసుకొని తిను ముందు."

లింగమూర్తి స్విచ్ దించాడు. భట్టి ఊరుకుంది. చప్పుడు ఆగాక ఆమె గొంతు ఇంకా స్పష్టంగా వినిపించింది. తిడుతోంది, పులిహోర వడ్డిస్తోంది, మళ్ళీ తిడుతోంది.

ఆ తిట్టు కూడా వాడికే.